జావ కింది ఎర్రగీత

గిన్నె లోపల గీతలు గీయాలన్న బుద్ధి నా కోడలు తోకికి ఎక్కడ పుట్టిందో నాకు తెలియదు. నా ఇంట్లో మాత్రం పుట్టలేదు. నా ఇంట్లో మట్టి తొక్కడం ఉంది, అభ్రకపు రాయి దంచి కలపడం ఉంది, లోపల గుండ్రాయి ఆనించి బయట చెక్కతో తట్టడం ఉంది, గులకరాయితో రుద్ది రుద్ది వేళ్ళు పగలగొట్టుకోవడం ఉంది. బొమ్మలు గీసుకుంటూ కూర్చునే సోకు మా వైపు ఎవరికీ లేదు.

ఎగువ ఊరి పిల్ల కదా, అక్కడి నుంచే తెచ్చుకుని ఉంటుంది. ఎగువ ఊళ్ళకు నది నీళ్ళు ముందుగా అందుతాయి. పని తొందరగా తెమిలిపోతుంది. మిగిలిన పొద్దంతా ఏం చేయాలో వాళ్ళకు తోచదు. చిక్కుడుకాయలు కోయడానికి ముగ్గురు కలిసి వెళతారు. ఒకరు కోస్తారు, ఇద్దరు మాట్లాడతారు. అలాంటి ఊరి పిల్ల నా కొడుకు నవికి నచ్చింది. వాడి బుద్ధి గురించి నేను ఎప్పుడూ గొప్పగా అనుకోలేదు గనుక ఆశ్చర్యపోలేదు.

పెళ్ళయి వచ్చిన రోజున దాని చంకలో ఒక చాప, ఒక నూలు దుప్పటి, గుప్పెడంత ఎర్రరాయి ఉన్నాయి. రాయి చూసి అడిగాను.

“ఇదేంటే? ఒంటికి పూసుకోడానికా?”

“కాదత్తా, గిన్నెలకి.”

“గిన్నెలకెందుకూ? చిందులెయ్యడానికి వెళతాయా?”

ఆ పిల్ల పకపకా నవ్వింది. నేను వెక్కిరిస్తే నవ్వేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ పడదు. వెక్కిరిస్తే మూతి ముడుచుకోవాలి. అప్పుడు కదా వెక్కిరించినవాళ్ళకు తృప్తి.

నెల తిరగకుండా పని మొదలుపెట్టింది. నా దగ్గరే కూర్చుని, నేను చేసినట్టే గిన్నె చేసింది. చేతిలో పనితనం లేదని అనను. అంటే అబద్ధమవుతుంది. అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. అప్పటికి లేదు. గిన్నె ఆరాక ఎర్రరాయిని బండ మీద నూరి, నీళ్ళు కలిపి, నమిలి మెత్తబరిచిన ఆకు పీచును అందులో ముంచి, గిన్నె లోపల సగం నుంచి అడుగు దాకా బొటనవేలంత లావు గీత లాగింది. దాని పక్కన ఇంకొకటి. వాటికి అడ్డంగా మరొకటి. ఒక్కటీ తిన్నగా లేదు.

“పాము పాకినట్టుందే.”

“మొదటిది కదత్తా. ముందుముందు కుదురుతుందిలే.”

“సరే. బయట గీస్తే దారినపోయేవాడైనా చూస్తాడు. లోపల గీస్తే ఎవడు చూస్తాడే? జావ పోస్తే మునిగిపోతుంది.”

“తాగాక కనబడుతుంది కదా?”

“తాగాక గిన్నె నాకే కుక్క చూస్తుంది.”

మళ్ళీ నవ్వు. తుమ్మకట్టెల మంటలో కాల్చి తీసేసరికి గిన్నె బూడిదరంగుకు వచ్చింది, గీత ఎర్రగా నిలబడింది. ఊడిపోతుందని నేను ఎదురుచూశాను. తడిగుడ్డతో నేనే రుద్ది చూశాను. ఊడలేదు. ఆ రోజు నాకు తిండి సహించలేదు.

ఇక మా ఊరి ఆడవాళ్ళ సంగతి చెప్పాలి. కొత్తది ఏది కనబడినా నోరు తెరుచుకుని చుట్టూ మూగడం వాళ్ళకు పుట్టుకతో వచ్చింది. “అబ్బ, ఎంత బాగుందో” అని ఒకతి. “నాకూ ఒకటి చెయ్యవే” అని ఇంకొకతి. మా పక్కింటావిడ అయితే సముద్రం నుంచి వచ్చిన గవ్వ గాజు తీసి దాని చేతికి తొడిగి మరీ గిన్నె పట్టుకుపోయింది. ఆ గాజు ఆమె తల్లిది. తల్లిని తగలబెట్టిన రోజున కూడా చితి మీద వేయకుండా దాచుకున్న గాజు. చచ్చిన తల్లికి ఇవ్వనిది ఒక వంకర గీతకు ఇచ్చింది.

అదే ఆడవాళ్ళు ముప్పై ఏళ్ళుగా నా గిన్నెల్లో వండుకున్నారు, నా కుండల్లో నీళ్ళు తాగారు. నా గిన్నె గోటితో మీటితే ఖణేలుమంటుంది. ఎండలో పెడితే అభ్రకం మిలమిల మెరుస్తుంది. గోడ ఎంత పలచగా ఉంటుందంటే, పట్టుకున్నవాళ్ళు బరువు చూసి మళ్ళీ నా ముఖం చూసేవాళ్ళు. ఇప్పుడు నా ముందు నుంచే నడిచి వెళ్ళి నా కోడలి దగ్గర కూర్చున్నారు. నేను అక్కడ లేనట్టే.

నాకు కడుపు మండింది. ఒకరోజు మట్టి తవ్వుకునే గుంట దగ్గర పదిమంది చేరి తోకి గిన్నెల గురించి చెప్పుకుంటుంటే ఉండబట్టలేక అన్నాను.

“గీతలు గీతలని ఎగురుతున్నారు గానీ, ఆ రాయి సంగతి మీకు తెలుసా? అది దాహపు రాయి. గిన్నెకి పూస్తే పోసిన జావలో సగం అదే తాగేస్తుంది. మీకు గిన్నె నాకడం మిగులుతుంది.”

“నిజమా అవ్వా?”

“ముప్పై ఏళ్ళుగా మట్టి పిసుకుతున్నదాన్ని. నాకు తెలీదా?”

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నమ్మారో లేదో తెలియదు, గిన్నెలు తీసుకోవడం మాత్రం మానలేదు. నాకు ఆ పూటకు మనసు చల్లబడింది. ఆ మాట అక్కడే మట్టిలో కలిసిపోయిందనుకున్నాను.

మా కాలువ పెద్ద వికోల్. ఎవరి పొలానికి ఏ రోజు నీళ్ళు పోవాలో ఆయన చెప్పాలి. ఆయన చెయ్యి ఊపితేనే అడ్డుకట్ట తెగుతుంది. ఆయన్ను ఏమైనా అన్నవాడి మొక్కజొన్న నిలువునా ఎండిపోతుంది. అలా అని వికోల్ పెద్ద దుర్మార్గుడేమీ కాదు. దుర్మార్గానికి కూడా కొంచెం ఓపిక కావాలి. ఆయన భార్య హవానీ ఏది చెబితే అది తన నోటితో మళ్ళీ చెప్పడమే ఆయన పెద్దరికం.

హవానీ గురించి ఒక్క ముక్క చాలు. ఆమె నవ్వితే పక్కనున్నవాళ్ళు తమ చేతిలో ఏముందో ఒకసారి చూసుకునేవాళ్ళు.

కొండల మీద మంచు కరిగి నది పొంగకముందే ఏటా కాలువలో పూడిక తీస్తాం. ఇంటికొక మగవాడు కొయ్యగునపం, బుట్ట పట్టుకుని వస్తాడు. ఆ పది రోజులూ మధ్యాహ్నం జావ పోయవలసింది పెద్ద ఇల్లు, అంటే వికోల్ ఇల్లు. వాళ్ళ సొంత గింజలు కాదు లెండి. పంట ఇంటికి రాగానే ప్రతి ఇల్లూ ఒక బుట్ట మొక్కజొన్న, ఒక బుట్ట తుమ్మకాయల పిండి ఇందుకోసమే వాళ్ళ కొట్లో పోస్తుంది. పోసేటప్పుడు బుట్ట అంచు పైకి పోగు నిలిచిందా లేదా అని హవానీ చేత్తో తడిమి మరీ చూస్తుంది. ఆ కొట్లోకి వెళ్ళిన గింజ జావలో మళ్ళీ ఎంత కనబడుతుందో అడిగినవాళ్ళు లేరు. నా కొడుకు కూడా పూడిక తీసి ఇంటికి రాగానే, “ఏముందే తినడానికి?” అనేవాడు. పెద్దింట్లో తాగావు కదరా అంటే వినకుండా కుండ మూత తీసేవాడు. తిండిపోతు వెధవ అనుకునేదాన్ని.

ఆ జావ తాగే గిన్నెలు ముప్పై ఏళ్ళుగా నావి. పెద్దింటి పందిట్లో నా గిన్నెలు వరసగా పేర్చి ఉంటే చూసుకుని, మా ఊళ్ళో నాకు దక్కవలసిన మర్యాద దక్కిందనుకునేదాన్ని.

ఆ ఏడు దిగువ ఊరి పెద్దలు పూడిక చూడడానికి వస్తున్నారు. కాలువను వాళ్ళ ఊరి దాకా పొడిగించాలని మాటలు నడుస్తున్నాయి. హవానీ మా ఇంటికి వచ్చింది. నా ముందు నుంచి నడిచి తోకి దగ్గర ఆగింది.

“అమ్మాయ్, ఈసారి కాలువ పనికి అన్నీ నీ గిన్నెలే. అతిథులకీ అవే, పనివాళ్ళకీ అవే. చేయగలవా?”

“చేస్తాను పిన్నీ!” దాని ముఖం వెలిగిపోయింది.

“మరి నావి?” అన్నాను నేను.

“నువ్వింక సుఖంగా కూర్చో అవ్వా. ఎన్నాళ్ళని కష్టపడతావు? నీవి ఎక్కడికీ పోవులే, కుక్కలకి నీళ్ళు పెట్టడానికి వాడుకుంటాం.” నా భుజం తట్టి, తోకి వైపు తిరిగింది. “గిన్నె ముచ్చటగా ఉంటే లోపల ఏముందని ఎవడూ చూడడు తల్లీ. బాగా లావుగా గియ్యి గీతలు.”

ఆమె వెళ్ళాక తోకి నా దగ్గరకు వచ్చింది.

“అత్తా, నాతో పాటు నువ్వూ చెయ్యవా? తట్టడం నువ్వు తట్టు, గీయడం నేను గీస్తాను.”

“నేను తట్టిన గిన్నె మీద నీ పాములా? పోవే.”

పోయింది. నెలన్నర పాటు ఒక్కతే చేసింది. చెయ్యి సాగింది, గీతలు కొంచెం సాపు అయ్యాయి. ఆ మాట నేను దానితో అనలేదు.

పూడిక మొదటి రోజు. పొద్దు నడినెత్తికి వచ్చింది. మగవాళ్ళు బురద కాళ్ళతో వచ్చి పెద్దింటి పందిట్లో వరసగా కూర్చున్నారు. ఊరి ఆడవాళ్ళందరం ఒక పక్కన నిలబడ్డాం. అతిథులు నలుగురిని హవానీ ఇంటి వెనక చిన్న పందిట్లో విడిగా కూర్చోబెట్టింది. పెద్దవాళ్ళకు ఎండ తగలకూడదట. అందరి ముందూ కొత్త గిన్నెలు పెట్టారు. ఖాళీ గిన్నెల్లో ఎర్రగీతలు మెరుస్తుంటే, మట్టి కొట్టుకుపోయిన మొహాలు కూడా వంగి చూశాయి. తోకి నా పక్కనే నిలబడి ఉంది. దాని ఊపిరి నాకు వినబడుతోంది.

సొరబుర్రతో జావ పోసుకుంటూ వెళ్ళారు. ఎవరూ గిన్నె నోటికి ఎత్తలేదు. చెకోల్ అని ఒకడున్నాడు. వాడికి నోరు తప్ప ఆస్తి లేదు. వాడు గిన్నెలోకి వంగి, తల అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

“ఒరేయ్ నవీ, మీ ఆవిడ గీసిన గీతలు నాకు కనబడుతున్నాయిరా.”

“గీసింది చూడ్డానికే కదరా.”

“అది కాదెహె. జావ పోశాక కూడా కనబడుతున్నాయి. అడుగుదాకా.”

పక్కవాడు తన గిన్నెలోకి చూసుకున్నాడు. “నాకూ కనబడుతున్నాయి. మూడు నిలువు, ఒకటి అడ్డం.”

“నాకు గీతలే కాదు, నా ముక్కు కూడా కనబడుతోంది.”

“నాకెవరూ ఇంకా జావ పొయ్యలేదు. కడిగిన నీళ్ళే పోశారు. ఏమ్మా, ఇటు రండి!”

నవ్వు ఒక మూల మొదలై పందిరంతా పాకింది. ముప్పై ఏళ్ళుగా ఎవడి జావ వాడి గొంతులోనే పలచగా ఉండేది. పక్కవాడిది చిక్కగా ఉందేమో, తనకే అడుగు నీళ్ళు వచ్చాయేమో అనుకుని గుటుక్కున తాగి లేచిపోయేవాడు. ఇప్పుడు ఒకడి గిన్నె ఇంకొకడికి కనబడుతోంది. హవానీ పిచ్చిమొహం తన చేతులతో తనే ఏరి కోరి, లావుగా గీయించుకుని మరీ, అందరి ముందూ పెట్టించుకుంది. అంత తెలివిగలవాళ్ళు ఖాళీ గిన్నె చూసి మురిసిపోతారు గానీ, అందులో తాము పోసే జావ సంగతి తలచుకోరు.

ఆమె ముఖం ఒకసారి పాలిపోయింది. మరుక్షణం గొంతు సవరించుకుంది. ఆ గొంతు మళ్ళీ తేనెలా వచ్చింది.

“అయ్యో నాయనా, నేను చిక్కగానే కాచాను. ఆ గిన్నెలు తాగేశాయి! ఎర్రరాయి దాహపు రాయి. ఈ మాట నేనన్నది కాదు. ముహల్ అవ్వే అంది. మట్టి గుంట దగ్గర పదిమంది విన్నారు. ఏం, వినలేదా?”

ముహల్ నా పేరు. ఆడవాళ్ళు తలలు ఊపారు. విన్నామన్నారు. అవసరమైనప్పుడు ఒక్క మాట గుర్తుండని వాళ్ళకు ఆ మాట మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

తోకి నా వైపు తిరిగింది. “అత్తా, నువ్వన్నావా?”

తల ఊపాను. ఆ పిల్ల నవ్వలేదు. నేను దాని నవ్వును అంతగా అసహ్యించుకున్నాను కదా, అది లేకపోతే దాని ముఖం ఎలా ఉంటుందో అప్పుడే చూశాను.

వికోల్ లేచి నిలబడ్డాడు. భార్య పెదాలు ముందు కదిలాయి, తరువాత ఆయనవి.

“తినేవాడి తిండి తిన్న గిన్నె పగలాలి. మన ఆచారం అదే.”

ఆచారం అదే. మా దగ్గర చనిపోయినవాళ్ళ బూడిద మీద వాళ్ళ గిన్నెలు పగలగొడతాం. బతికున్న మనిషి చేసిన గిన్నెను అలా నలుగురి ముందూ పగలగొడితే, ఆ మనిషి చేతులు మట్టికి చచ్చినట్టే. మళ్ళీ మట్టి ముట్టకూడదు. నా చిన్నప్పుడు ఒకామెకు అలా జరిగింది. విత్తనాలు దాచుకోమని పగుళ్ళు ఉన్న కుండలు ఇచ్చింది. పురుగు పట్టి ఊరంతా పస్తులుంది. ఆమె తరువాత పదేళ్ళు బతికింది, ఎప్పుడు చూసినా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

మొదటి దెబ్బ వేయవలసింది ఊళ్ళో పెద్ద కుమ్మరి. అంటే నేను. హవానీ స్వయంగా ఒక రాయి తెచ్చి నా చేతిలో పెట్టింది. తోకి గిన్నె ఒకటి, చెకోల్ ముందున్నది, జావతో సహా నా ముందుకు జరిపింది.

దాచను. ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది. ఒక్క దెబ్బ. పాములూ పోతాయి, గవ్వ గాజులూ పోతాయి, మూగిన ఆడవాళ్ళందరూ తలలు వంచుకుని మళ్ళీ నా గుమ్మం ముందుకు వస్తారు. రాయి నా చేతిలో బరువుగా, హాయిగా ఉంది.

హవానీ నా చెవి దగ్గరకు వంగింది.

“కొట్టు అవ్వా. నీ గిన్నెలే నయం. వచ్చే ఏడు మళ్ళీ అన్నీ నీవే. ముప్పై ఏళ్ళల్లో నీ గిన్నెలతో ఎప్పుడైనా ఇలాంటి గొడవ వచ్చిందా?”

రాలేదు. నిజమే, ఎప్పుడూ రాలేదు. ఎందుకు రాలేదు?

నేను రాయి పక్కన పెట్టాను. పందిటి గుంజ దగ్గర కుక్కలు నీళ్ళు తాగుతున్న గిన్నె కనబడింది. నాది. వెళ్ళి ఆ నీళ్ళు పారబోసి, కడిగి తెచ్చాను. చెకోల్ గిన్నెలోని జావ అందులో పోశాను. పోసి అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాను.

“చూడండర్రా. ఎలా ఉంది?”

చెకోల్ మెడ సాచి చూశాడు. “చిక్కగా ఉందే!”

“ఒరేయ్ గాడిదా, అదే జావరా.”

బూడిదరంగు గిన్నె. అడుగు కనబడదు, గీత లేదు, ఎంత లోతో తెలియదు. గంజినీళ్ళు పోసినా నిండుగా, చిక్కగా కనబడుతుంది. మళ్ళీ తోకి గిన్నెలోకి వంచాను. గీతలు అడుగు నుంచి పైకి చూశాయి. రెండుసార్లు అటూ ఇటూ పోశాను. మూడోసారి అవసరం లేకపోయింది. ఎవరూ నవ్వడం లేదు.

“ఇదంతా ఏంటవ్వా?” అంది హవానీ. గొంతులో తేనె కొంచెం తగ్గింది. “రాయి తాగాక మిగిలింది అది. ఎందులో పోస్తే ఏం?”

“అలాగా.”

నేను ఇంటి వెనక్కి నడిచాను. అతిథులు నలుగురూ హాయిగా తింటున్నారు. వాళ్ళలో తెల్లజుట్టు ఆయన ముందున్న గిన్నె తీసుకున్నాను. పాపం ఆయన నోటిదాకా వెళ్ళిన వేళ్ళు అలాగే ఆగిపోయాయి.

“ఒక్క క్షణం పెద్దయ్యా. మళ్ళీ తెచ్చిస్తాను.”

ఆయన గిన్నె పట్టుకుని పందిట్లోకి వచ్చాను. ఆయన కూడా నా వెనకే వచ్చాడు. తిండి పోతుంటే ఎవడు కూర్చుంటాడు? చెకోల్ గిన్నె పక్కన ఆ గిన్నె పెట్టాను.

“ఇదీ నా కోడలు చేసిందే. అదే మట్టి, అదే రాయి, అదే మంట. గీత ఏదర్రా?”

గీత లేదు. చిక్కటి జావ, అందులో చిక్కుళ్ళు, కుందేలు మాంసం ముక్కలు. గిన్నె వంచితే జావ నెమ్మదిగా జరిగింది. అప్పుడు అడుగున ఎర్రగా ఒక కొస తొంగిచూసింది.

“ఈ రాయికి దాహం లేదే హవానీ? పెద్దవాళ్ళ గిన్నెలో ఉంటే మర్యాదగా ఉంటుందా?”

“నువ్వే కదా అన్నావు, దాహపు రాయని...”

“అన్నాను. కడుపు మండి అన్నాను. నా కోడలి గిన్నెల కోసం అందరూ ఎగబడుతుంటే ఓర్వలేక అబద్ధమాడాను. ఈ మూర్ఖులు నమ్మారు, నువ్వు దాచుకుని వాడుకున్నావు. తాగింది రాయి కాదే. నీ కొట్టు.”

వికోల్ ఏదో అనబోయి భార్య పెదాల వైపు చూశాడు. అవి కదలడం లేదు. ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

చెకోల్ లేచాడు. వాడి వెనక నా కొడుకు లేచాడు. నవి ఆ రోజు దాకా ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు.

“ఎన్నేళ్ళ నుంచి?” అన్నాడు. హవానీని కాదు, నన్ను అడిగాడు. “అమ్మా, నీ గిన్నెల్లో ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నాం ఇది?”

వాడు పూడిక తీసి వచ్చి ఏముందే అని అడిగిన సాయంత్రాలన్నీ నాకు ఒక్కసారే గుర్తొచ్చాయి. తిండిపోతు అనుకున్నాను. ఊరందరి మీద ముఖం చిట్లించుకుని తిరిగాను, ఒక్క నా గిన్నెలను చూసుకుని మాత్రం మురిసిపోయాను. హవానీకి దొంగతనానికి మూత కావలసి వచ్చింది. అది ముప్పై ఏళ్ళు నేను చేసి ఇచ్చాను. తిన్నగా, నున్నగా, ఖణేలుమనేలా చేసి ఇచ్చాను. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

రాయి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

“పెద్ద ఏమన్నాడు? తినేవాడి తిండి తిన్న గిన్నె పగలాలి. అంతేనా వికోల్?”

“అ... అంతే.”

“ముప్పై ఏళ్ళు తిన్న గిన్నె ఇదిగో.”

“అత్తా, వద్దు!” తోకి నా చెయ్యి పట్టుకోబోయింది. అప్పటికే రాయి దిగింది. నా గిన్నె ఖణేలుమని పగిలింది. పగిలేటప్పుడు కూడా మంచి చప్పుడే చేసింది.

ఆ సాయంత్రమే కొట్టు తెరిపించారు. లోపల పైకప్పు దాకా పేర్చిన గింజల బుట్టలు చూసినవాళ్ళు చాలాసేపు బయటికి రాలేదట. దిగువ ఊరి తెల్లజుట్టు ఆయన కాలువకు ఒప్పుకున్నాడు గానీ, పనివాళ్ళకు జావ రోజుకొక ఇల్లు కాయాలని, ఆ ఇంటి ఎదుటే పోయాలని చెప్పాడు. పోసేది ఎర్రగీత గిన్నెల్లోనే అన్నాడు. వికోల్ సరేనన్నాడు. భార్యను అడగకుండా ఆయన అన్న మొదటి మాట అదే అయి ఉంటుంది. హవానీ ఇప్పుడు ఎదురైతే నవ్వదు. నాకు ఆ సంగతి చాలా బాగుంది.

నలుగురి ముందూ పగిలింది నా గిన్నె గనుక నేనిక మట్టి ముట్టడం లేదు. రాయి ఎత్తినప్పుడు ఆ సంగతి మరిచిపోయి ఎత్తానా, తెలిసే ఎత్తానా అని జనం చెప్పుకుంటూ ఉంటారు. నన్ను అడగరు, అడిగితే నేను ఏమంటానో వాళ్ళకు తెలుసు. తోకి మాత్రం ఊరుకోదు. నా గుండ్రాయి, నా చెక్క తెచ్చి నా ఎదుట పెడుతుంది.

“ఎవరూ చూడట్లేదు కదత్తా. ఒక్క గిన్నె తట్టు.”

“నేను చూస్తున్నాను కదే.”

చేతులు ఒళ్ళో పెట్టుకుని దాని పక్కనే కూర్చుంటాను. గోడ మందంగా వస్తోందంటాను, తడి ఎక్కువైందంటాను, గీత వంకర పోతోందంటాను. అది నవ్వుతుంది. ఊరివాళ్ళు ఇప్పటికీ దాని చుట్టూ మూగుతున్నారు, ఇప్పటికీ నోళ్ళు తెరుచుకునే ఉన్నారు. వాళ్ళకు బుద్ధి రాదు.

నిన్న మధ్యాహ్నం కాలువ పనివాళ్ళకు జావ కాయడం మా ఇంటి వంతు. మగవాళ్ళందరూ తాగి వెళ్ళాక తోకి నాకూ ఒక గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. లోపలికి వంగి చూశాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను.

“ఏదే నీ గీత? కనబడదే? మంట సరిగ్గా పెట్టి ఉండవు, ఊడిపోయింది. నేను ముందే చెప్పాను.”

“తిను అత్తా,” అంది. “అడుగున ఉంది.”